మూడు తరాల పాము

ఆ బుధవారం హాజ్ బసియూనీ పెట్టుకున్న పని చాలా చిన్నది. తెల్లవారుజాము నమాజు చేసుకుని, రెండు రొట్టెలతో ఇంత ఫూల్ గింజల కూర తిని, తొమ్మిదింటికల్లా వన్యప్రాణుల కార్యాలయానికి వెళ్ళాలి. పాముకి లైసెన్సు తీసుకోవాలి. వచ్చేటప్పుడు కూతురు నజాత్ చెప్పిన మొలోఖియా ఆకుకూర రెండు కట్టలు కొనుక్కుని, మధ్యాహ్నం నమాజు వేళకి ఇంటికి చేరాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంటుందని ఎవరైనా అనుకుంటారు. ఆయనా అలాగే అనుకున్నాడు.

ఫయ్యూం పట్నంలో ఆయన్ని ఎరగనివాళ్ళు తక్కువ. తాతల నాటినుంచీ వాళ్ళది రిఫాయీల ఇల్లు. ఎవరింట్లోనైనా పాము దూరిందంటే రిఫాయీని పిలుస్తారు. ఆయన గుమ్మంలో నిలబడి, దేవుడి పేరు మీద ఒట్టు పెట్టి, బయటికి రమ్మని పామును పిలుస్తాడు. అది వచ్చాక సంచిలో వేసుకుని పోతాడు. నలభై ఏళ్ళు హాజ్ బసియూనీ చేసింది అదే. మోకాళ్ళు మొరాయించాక ఆ పని మానేసి, ఇంట్లో ఉన్న పాములన్నిటినీ ఎడారిలో వదిలేశాడు, ఒక్కదాన్ని తప్ప.

ఆ ఒక్కటీ ఆయనది కాదు, భార్య ఇన్‌షిరాహ్‌ది. పద్నాలుగేళ్ళ కిందట ఆయన సంచి దులుపుతుంటే జానెడు ఇసుక పాము ఒకటి కింద పడింది. "ఇది నన్ను చూస్తోంది. దీన్ని ఇక్కడే ఉండనియ్యి" అందామె. ఉల్లిపాయల చెక్కపెట్టెలో ఇసుక పోసి, వంటింటి గట్టు మీద పెట్టి, బరకా అని పేరు పెట్టింది. విషం లేదు, కోపం లేదు, పెద్దగా కదలికా లేదు. గురువారం గురువారం ఇన్‌షిరాహ్ ఎలక తోక పట్టుకుని ఆడిస్తే అది ఇసుకలోంచి మూతి బయటపెట్టేది. ఆ మేడలోని పిల్లలు దాన్ని మెడలో వేసుకుని తిరిగేవారు. రెండేళ్ళ కిందట ఇన్‌షిరాహ్ పోయింది. హాజ్ బసియూనీకి పాముతో మాట్లాడే అలవాటు లేదుగానీ, గట్టు మీద ఆ పెట్టె ఉన్నంతకాలం వంటింట్లో ఆమె ఉన్నట్టే ఉండేది.

ఇప్పుడు కొత్త ఉత్తర్వు వచ్చింది. నెలాఖరులోగా లైసెన్సు లేకపోతే, ఇళ్ళలో పెంచే పాముల్ని పట్టుకుపోతారట. అందుకే ఈ ప్రయాణం.

కార్యాలయంలో ఉస్తాజ్ రిజ్క్ అనే గుమాస్తా టీ గ్లాసు పక్కకి జరిపి ఫారం తీశాడు.

"పేరు?"

"బసియూనీ అబ్దుల్ గనీ షర్నూబీ."

"మీది కాదు హాజ్. పాముది."

"బరకా."

"అది ముద్దుపేరు. శాస్త్రీయ నామం కావాలి."

"మేం దస్సాస్ అంటాం. ఇసుకలో దూరుతుంది."

ఉస్తాజ్ రిజ్క్ ఒక పాత పుస్తకం తీసి వేలితో వరసలు దిగాడు. ఆ పుస్తకంలో బొమ్మలు లేవు. ఉండవలసిన చోట టీ గ్లాసుల గుండ్రటి మరకలున్నాయి.

"ఇసుకలో దూరిన ప్రతిదాన్నీ మనవాళ్ళు దస్సాస్ అనేశారు. ఆ ఒక్క మాటకి ఇక్కడ మూడు పేర్లున్నాయి. మీదేదో మీరే చెప్పాలి. నేను పాముని దూరం నుంచి కూడా చూసినవాణ్ణి కాదు."

"చదవండి, విందాం."

"ఎరిక్స్ కొలుబ్రినస్."

హాజ్ బసియూనీ ఆలోచించాడు. "ఎరిక్స్ పాము పేరు. కొలుబ్రినస్ దాని తండ్రా?"

"అంతే అయి ఉంటుంది. మనకైనా అంతేగా. కానీ తాత పేరు లేదు. ఫారంలో మూడు గళ్ళున్నాయి. పేరు, తండ్రి పేరు, తాత పేరు. మూడూ నిండకపోతే కంప్యూటరు ముందుకి కదలదు."

"రెండోది?"

"ఎరిక్స్ జాకులస్."

"దీనికి తండ్రి వేరు. తాత దీనికీ లేడు."

"ఈ మూడోది వినండి. సెరాస్టెస్ సెరాస్టెస్ సెరాస్టెస్."

ఉస్తాజ్ రిజ్క్ వేలు అక్కడే ఆగింది. ఆ వైపు మగపిల్లాడికి తండ్రి పేరే పెట్టారంటే, వాడు పుట్టకముందే తండ్రి పోయాడని అర్థం. ఆ పేరు మట్టిలో కలిసిపోకూడదని పెడతారు. అలా రెండు తరాలు వరసగా పెట్టారంటే, ఆ ఇంట్లో ఎంత దుఃఖం ఉండాలి, ఎంత మర్యాద ఉండాలి. హాజ్ బసియూనీకి మనసు చివుక్కుమంది. పద్నాలుగేళ్ళు ఇంట్లో పెట్టుకుని కూడా దాని పుట్టుపూర్వోత్తరాలు తాను అడగలేదు.

"మూడు గళ్ళకి మూడు పేర్లు" అన్నాడు ఉస్తాజ్ రిజ్క్ తృప్తిగా. "మీరేమంటారు? పాముల సంగతి తెలిసినవారు మీరు."

"నలభై ఏళ్ళు" అన్నాడు హాజ్. "ఇదే రాయండి. పెద్ద ఇంటిది."

సంతకం పెట్టి, మొలోఖియా కొనుక్కుని, వేళకే ఇల్లు చేరాడు. కాగితాన్ని నజాత్‌కి చూపించాడు.

"సెరాస్టెస్ కొడుకు సెరాస్టెస్ కొడుకు సెరాస్టెసా? బరకా ఆడది నాన్నా."

"ఆడదైతే మాత్రం తండ్రి ఉండడా?"

నజాత్ కాగితం మడిచి ఆయనకిచ్చింది. ఆకుకూర తరగడానికి కూర్చుంది.

ఆదివారం పదింటికి సార్జంటు అత్రీస్ వచ్చాడు. మోచేతుల దాకా తోలు తొడుగులు, చేతిలో ఇనప పట్టకారు, జేబులో పట్టుకుపోవలసిన విషప్పాముల జాబితా. ఆయనకి దేన్నీ మనసులో చదువుకునే అలవాటు లేదు. మెట్ల మొదట్లో నిలబడి ఎలుగెత్తి చదివాడు.

"సెరాస్టెస్. అనగా కొమ్ముల పాము. కాటు ప్రాణాంతకం. ఉన్న చోటు, వంటిల్లు, రెండో అంతస్తు. ఎవరండీ ఇక్కడ బసియూనీ?"

కింది అంతస్తులో ఇస్త్రీ చేసుకుంటున్న సిత్ ఫౌకియ్యా పెట్టె పట్టుకునే బయటికొచ్చింది. "ఏ పాము? మా మనవరాళ్ళు మెడలో వేసుకుని ఫోటోలు దిగిన ఆ బరకాయేనా?"

"కాగితంలో బరకా అని లేదమ్మా. ప్రాణాంతకం అని ఉంది."

అప్పటివరకూ ఆ భవనంలో అందరికీ మామూలు జబ్బులే ఉండేవి. క్షణంలో అన్నిటికీ కారణం దొరికింది. మూడో అంతస్తు ఆయన నడుంనొప్పి, నాలుగో అంతస్తు కోడలికి వచ్చిన దద్దుర్లు, ఎదురింటాయనకి రెండు రంజాన్ల కిందట పట్టి వదలని దగ్గు. సిత్ ఫౌకియ్యా తన చీలమండ చూపించి, "పన్నెండేళ్ళుగా పోటు. డాక్టర్లంతా వాతం అన్నారు. వాతమట వాతం" అంది.

సార్జంటు పైకొచ్చి చెక్కపెట్టెలోకి తొంగిచూశాడు. బరకా ఇసుకలోంచి మూతి మాత్రం బయటపెట్టి ఉంది. అది గురువారం కాదని దానికింకా తెలిసినట్టు లేదు.

"కొమ్ములేవి?"

"దీనికి కొమ్ములుండవు."

"కాగితంలో ఉన్నాయి."

"కాగితం తప్పయి ఉంటుంది సార్జంటుగారూ. పేరు నేనే ఎంచాను. గౌరవంగా ఉందని ఎంచాను."

"సంతకం మీదేగా?"

"నాదే."

"మరి మీరు అబద్ధానికి సంతకం పెట్టే మనిషిలా లేరు. అంటే కొమ్ములున్నది ఒకటి ఉంది. ఇది కాదు. ఎక్కడ దాచారు?"

హాజ్ బసియూనీ నోరు తెరిచేలోపే ఆ మాట మెట్ల మీదుగా కిందికి దిగింది. మొదటి అంతస్తుకి చేరేసరికి రెండు పాములయ్యాయి. వీధిలోకి వచ్చేసరికి కొమ్ములున్నది గొట్టంలోంచి పారిపోయింది. పావుగంటలో పద్నాలుగు కుటుంబాలు పరుపులు, గ్యాసు సిలిండర్లు, టీవీలు, పంజరంలో పావురాలతో సహా రోడ్డు మీదున్నాయి. మంచం దిగలేని ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి దింపారు. కిందికొచ్చాక ఆయన, ఎండ బాగుంది, నన్ను రోజూ దింపండి అన్నాడు.

"ఊరికే నిలబడితే ఏమొస్తుంది? ఎవరైనా రిఫాయీని పిలవండి" అన్నారెవరో.

"పిలిచేదేముంది? పాము ఎవరిదో ఆయనే రిఫాయీ" అంది సిత్ ఫౌకియ్యా. "హాజ్, గుమ్మంలో నిలబడి ఒట్టు పెట్టి పిలవండి. అది బయటికొస్తే మేం లోపలికి పోతాం."

"లోపల ఏమీ లేదు సిత్ ఫౌకియ్యా. లేని పాముని దేవుడి పేరు పెట్టి ఎలా పిలవను? పాపం కదా."

"నలభై ఏళ్ళు పిలిచారుగా. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఉన్నాయా?"

ఆవిడ వెటకారానికే అంది. హాజ్ బసియూనీకి మాత్రం ఆ ఇళ్ళన్నీ గుర్తొచ్చాయి. ఒట్టు పెట్టినా ఏదీ రాని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. పాము వెళ్ళిపోయింది, ఇక భయం లేదు అని చెప్పి టీ తాగి వచ్చేవాడు. అది వెళ్ళిపోయిందో, అసలు రానేలేదో ఆయనకీ తెలిసేది కాదు. తెలుసుకోవాలని ఆ రోజుల్లో అనిపించలేదు. మధ్యాహ్నపు ఎండలో, పరుపుల మధ్య నిలబడి, ఇప్పుడనిపించింది.

"నేను పిలవను" అన్నాడు.

దాంతో జనానికి ఉన్న కాస్త అనుమానమూ తీరింది. పామును కాపాడుకుంటున్నాడన్నారు. సార్జంటు అత్రీస్ చెడ్డవాడు కాడు. ఆయనకీ ఎండగానే ఉంది. హాజ్‌ని చెయ్యి పట్టుకుని గోడ నీడకి తీసుకెళ్ళాడు.

"వినండి. ఒకటే దారుంది. ఈ పెట్టెలోదే కొమ్ముల పాము, ఇంకోటి లేదు అని రాసి సంతకం పెట్టండి. దీన్ని పాములశాలకి పంపిస్తాను. జాబితాలో ఒకటుంది, ఒకటి పట్టాను, లెక్క సరి. వీళ్ళు మేడ ఎక్కుతారు. రేపు అక్కడ డాక్టరమ్మ చూసి, ఇది మంచిదే అని మీకు తిరిగిచ్చేస్తుంది."

"మరి కొమ్ములు?"

"చిన్నప్పుడే ఊడిపోయాయి అని నేను రాసుకుంటాలెండి."

కుర్చీలో ముసలాయన తల వాలిపోతోంది. పావురాలు ఎండకి నోళ్ళు తెరుస్తున్నాయి. హాజ్ బసియూనీ సంతకం పెట్టాడు. దేవుడి పేరు మీద అబద్ధం ఆడనన్నవాడు కాగితం మీద ఆడాడు. కాగితం చిన్నదేగా అనుకున్నాడు. సార్జంటు బరకాని గుడ్డసంచిలో వేసి మూతి కట్టాడు. పట్టకారు తీసినప్పుడే నజాత్ "అది కరవదు, చేత్తో తీయండి" అంది. ఆయన తొడుగులు మాత్రం విప్పలేదు.

సాయంత్రం సిత్ ఫౌకియ్యా ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి వండిన పళ్ళెం పంపించింది. ఆమె మనసులో ఏమీ ఉండదు. చీలమండ కూడా ఆ పూటకి నొప్పి లేదట.

సోమవారం పొద్దున్నే హాజ్ మళ్ళీ ఉస్తాజ్ రిజ్క్ ముందు నిలబడ్డాడు.

"పేరు తప్పు పడింది. మార్చాలి."

"పేరు మార్పుకి జనన ధ్రువపత్రం తేవాలి హాజ్."

"పాముకా?"

"పేరు మార్పంటే ఎవరికైనా ఒకటే. లేదంటే దాని జాతి ఫలానా అని పాములశాల డాక్టరు రాసివ్వాలి."

పాములశాలకి వెళ్తే, కార్యాలయం నుంచి ఉత్తరం లేనిదే జాతి రాసివ్వకూడదన్నారు. కార్యాలయానికి వస్తే, ఉత్తరం అడుగుతూ పాములశాలే ముందు ఉత్తరం రాయాలన్నారు. మధ్యలో ఒక శుక్రవారం, ఒక శనివారం వచ్చాయి. ఆ ఆదివారంతో కలిపి పన్నెండు రోజులు పట్టింది. పన్నెండో రోజున కాగితం చేతికొచ్చింది. ఎరిక్స్ కొలుబ్రినస్. తాత పేరు గడిలో ఉస్తాజ్ రిజ్క్ ఒక గీత గీశాడు. కంప్యూటరు గీతని ఒప్పుకుంటుందని ఆయనకీ ఆ రోజే తెలిసిందట.

పాములశాల డాక్టర్ మిర్వత్ పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి. హాజ్‌ని చూడగానే నవ్వింది.

"మీరేనా? విషప్పాము అని రాసి బంగారంలాంటి ఇసుక పాముని పంపారు. సంచి విప్పగానే నవ్వొచ్చింది. ఒంటరిగా ఎందుకని దాని జాతివాళ్ళతో కలిపేశాను. రండి, మీదేదో తీసుకోండి."

వెడల్పాటి సిమెంటు తొట్టి. అందులో ఇసుక. ఇసుక మీద ఆరు పాములు. ఆరింటికీ అదే పసుప్పచ్చ ఒళ్ళు, అవే ముదురు మచ్చలు, అదే పొట్టి తోక.

హాజ్ బసియూనీ వంగి చూశాడు. మోకాలు కలుక్కుమంది. ఇంకా వంగి చూశాడు. నలభై ఏళ్ళలో ఆయన చేతుల మీదుగా ఎన్ని వేల పాములు పోయాయో లెక్క లేదు. చీకట్లో తడిమి జాతి చెప్పగలడు. కానీ ఈ ఆరూ ఒకే జాతి. ఇన్‌షిరాహ్ అయితే గుమ్మంలోంచే చెప్పేది. ఆమె పద్నాలుగు... కాదు, పన్నెండేళ్ళు ప్రతి గురువారం దాని ముఖం చూసింది. ఆయన పెట్టెని చూశాడు.

"బరకా" అని పిలిచాడు మెల్లిగా. పాములకి చెవులుండవని ఆయనకి తెలుసు. అయినా పిలిచాడు. ఎవరూ తల ఎత్తలేదు.

"తీరిగ్గా చూడండి హాజ్" అంది డాక్టర్ మిర్వత్ కాస్త మర్యాదగా అటు తిరిగి.

చివరికి ఆయనకి ఒక ఉపాయం తోచింది. ఇన్‌షిరాహ్ పెంచిన ప్రాణి సన్నగా ఉండదు. ఆ ఇంట్లో పిల్లి, కోళ్ళు, మొగుడు, అందరూ లావెక్కినవాళ్ళే. ఆరింటిలోనూ బాగా బలిసినదాన్ని ఎత్తాడు. అది చేతికి చుట్టుకుని హాయిగా పడుకుంది.

"ఇదే. చేతిలోకి రాగానే ఎలా సర్దుకుందో చూశారా?"

"ఈ జాతి అంతా అలాగే సర్దుకుంటుంది" అంది డాక్టర్ మిర్వత్. కానీ సంతకం తీసుకుంది.

పెట్టె మళ్ళీ గట్టెక్కింది. ఒక్క చిక్కే ఉంది. గురువారం నజాత్ ఎలక తోక పట్టుకుని ఎంత ఆడించినా పాము మూతి తిప్పుకుంది. తర్వాతి గురువారమూ అంతే.

"నాన్నా, ఇది బరకాయేనంటారా?"

"బెంగపెట్టుకుంది తల్లీ. మనల్ని వదిలి పన్నెండు రోజులున్నది. మనిషైనా అలిగేది."

నలభయ్యో రోజు పొద్దున నజాత్ వంటింట్లోంచి పిలిచింది. కేక వేయలేదు. అందుకే ఆయన తొందరగా వచ్చాడు. పెట్టె నిండా పిల్లలు. వేలెడేసి పొడవు, దారపు ఉండల్లా చుట్టుకుని, తడిగా మెరుస్తూ. నజాత్ రెండుసార్లు లెక్కపెట్టింది. పదమూడు.

"బరకా పద్నాలుగేళ్ళు ఈ పెట్టెలో ఒంటరిగా ఉంది కదా నాన్నా" అంది.

"ఊఁ."

"మరి ఇది?"

ఆయన పెట్టె మీదికి వంగాడు. తాను ఎంచుకున్నది తిని బలిసింది కాదు, కడుపుతో ఉన్నది. నలభై ఏళ్ళ రిఫాయీకి చూలు పాముకీ లావు పాముకీ తేడా తెలియలేదు. ఇంకొకరు చెప్పి ఉంటే ఆయనే పడీపడీ నవ్వేవాడు.

చెప్పులు తొడుక్కుని పాములశాలకి బయల్దేరాడు. డాక్టర్ మిర్వత్ సంగతి విని మొదట పదమూడుకి సంతోషించింది. తర్వాత ఆయన ముఖం చూసి రిజిస్టరు తీసింది.

"మిగతా అయిదింటినీ మూడు వారాల కిందటే వదిలేశాం హాజ్. రయాన్ లోయ అవతల. ఇక్కడి జాతి కదా, ఇక్కడి ఇసుకలోనే ఉండాలి. రూలు కూడా అదే."

"అది ఎప్పుడూ వేటాడలేదు డాక్టరమ్మా. మా ఇంటావిడ చేత్తో పెడితే తిన్నదే. బతుకుతుందా?"

డాక్టర్ మిర్వత్ రిజిస్టరు మూసింది. "పాములు ఇలాంటివి మరిచిపోవు అనుకుంటాం. అలా అనుకోవడమే. నిజం నాకూ తెలియదు" అంది. ఆ మాటకి ఆయన ఆమెని మనసులోనే దీవించాడు. తాను ఆ ఇళ్ళలో టీ తాగుతూ చెప్పవలసింది ఆ ఒక్క మాటేనని ఇప్పుడు తెలిసింది.

తల్లిని, పదమూడు పిల్లల్ని కూడా అక్కడే వదలడానికి ఆమె అనుమతి రాసిచ్చింది. మర్నాడు హాజ్ బసియూనీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని, ఆ వైపు పోయే లారీ ముందు సీట్లో కూర్చుని రయాన్ చేరాడు. చింతచిగురు రంగు పొదలు అక్కడక్కడా, మిగిలిందంతా ఇసుకే. బుట్ట వాల్చి మూత తీశాడు. తల్లి ముందు దూరింది. పిల్లలు ఒక్కొక్కటే దూరాయి. క్షణంలో ఇసుక మీద గీతలు తప్ప ఏమీ లేదు. గాలికి అవీ పోయాయి.

ఆయన మాత్రం వెళ్ళలేదు. పొదల మొదళ్ళ దగ్గర వంగుతూ, కర్రతో ఇసుక మెల్లిగా కదుపుతూ, మధ్యాహ్నం దాకా తిరిగాడు. నీడలో నమాజు చేసుకుని మళ్ళీ తిరిగాడు. ఒట్టు పెట్టి పిలుద్దామా అని ఒకసారి నాలిక చివరిదాకా వచ్చింది. ఈసారి అవతల పాము ఉన్న మాట నిజమే. వస్తుందన్న నమ్మకమే లేదు. ఊరుకున్నాడు.

మేకల మందతో పోతున్న ఒక నడివయసు బదూ తెగవాడు కాసేపు ఆయన్నే చూసి దగ్గరికొచ్చాడు.

"ఏం పోగొట్టుకున్నారు పెద్దాయనా?"

"పాముని."

కాపరి ఆశ్చర్యపోలేదు. ఎడారిలో ఎన్నో పోతుంటాయి. "ఏ పాము?" అన్నాడు.

దస్సాస్ అనబోయాడు. ఆ మాటకి మూడున్నాయి. కాగితంలో ఉన్న పేరు చెప్పబోయాడు. ఆ పేరున్నవి ఈ ఇసుకలో ఎన్నో ఉన్నాయి, తాను పొద్దున పోసిన పద్నాలుగూ అవే. బరకా అంటే కాపరికి ఏం తెలుస్తుంది?

"మా ఆవిడ పాము" అన్నాడు.

కాపరి తల ఊపి, మేకల్ని అదిలిస్తూ ముందుకు కదిలాడు. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి, "అలాగైతే మీరు ఎంత వెతికినా దండగ. ఆవిణ్ణే వచ్చి పిలవమనండి" అన్నాడు.

హాజ్ బసియూనీకి ఆ సలహాలో తప్పు పట్టవలసిందేమీ కనిపించలేదు.